కజ్జికాయల చెక్కలో బ్లూబెర్రీలు

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. ఇప్పుడు మీ ఇంట్లో ఓవెన్ తలుపు తీస్తే లోపల ఏముంటాయి? మా ఇంట్లో అయితే పోయిన వేసవి దాకా రెండు మూకుళ్ళు, అట్ల పెనం, ఇడ్లీ రేకులు, మూత పోయిన కుక్కరు ఒకటి ఉండేవి. ఈ దేశం వచ్చి పన్నెండేళ్ళయినా నేను ఓవెన్‌ని అలమరలాగే వాడాను. ఒకసారి మా అమ్మాయి పిజ్జా వేడి చేద్దామని లోపల చూడకుండా ఆన్ చేసింది. ప్లాస్టిక్ పిడి ఉన్న పెనం ఒకటి కరిగిపోయి, ఆ వాసన మూడు రోజుల దాకా వదల్లేదు.

ఆ అలమర మళ్ళీ ఓవెన్ ఎలా అయిందో, దాంతోపాటు ఈ ఎండాకాలం పళ్ళతో ఇంట్లోనే పేస్ట్రీలు ఎలా చేసుకోవచ్చో ఈ నెల చెబుతాను.

పోయిన ఏడాది ఏప్రిల్ చివర్లో మా అత్తయ్యగారు ఆరు నెలలు ఉందామని మా దగ్గరికి, న్యూజెర్సీకి వచ్చారు. మామయ్యగారు పోయాక ఆవిడ రావడం అదే మొదటిసారి. ఊళ్ళో ఉంటే తెల్లవారుజామున వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టిన దగ్గర్నుంచి రాత్రి పాలు తోడు పెట్టేదాకా ఆవిడ చెయ్యి ఆగదు. ఇక్కడికి వచ్చాక మేమంతా "మీరు కూర్చోండి అత్తయ్యా, మేం చూసుకుంటాం" అంటూ ఆవిడ చేతిలో గరిటె కూడా లాగేసుకున్నాం. అది గౌరవం అనుకున్నాం. రెండు నెలలు గడిచాక చూస్తే ఆవిడ పొద్దున్నుంచీ సాయంత్రం దాకా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఖాళీ రోడ్డు చూస్తున్నారు. "ఒంట్లో బాగుండలేదా అత్తయ్యా?" అని అడిగితే, "బాగానే ఉందమ్మా. ఇక్కడ నేను చేసేదేముంది?" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది.

పైగా అది మామిడిపళ్ళ కాలం. మన మామిడిపళ్ళు 2007 నుంచి అమెరికాకి మళ్ళీ వస్తున్నాయి కానీ, విమానంలో వచ్చిన పెట్టె ధర చూస్తే ముక్కలు లెక్కపెట్టుకుని తినాల్సిందే. "ఊళ్ళో పళ్ళు రాలి పాడైపోతుంటాయి, ఇక్కడేమో ఒక్కొక్క పండూ బంగారం" అని రోజూ ఒకసారైనా అనేవారు. స్ట్రాబెర్రీలు తెచ్చినా, చెర్రీలు తెచ్చినా మర్యాదకి ఒకటి నోట్లో వేసుకుని, "మామిడి పండు ముందు ఇవేం పళ్ళమ్మా" అనేవారు. నిజం చెప్పొద్దూ, నేనూ అంతే. ఇన్నేళ్ళూ మా పిల్లతో అదే మాట అంటూ వచ్చాను. దానికి మాత్రం వేసవి అంటే బ్లూబెర్రీలూ పీచ్‌లే. నాకు మామిడి తోట గుర్తొచ్చినట్టే రేపు పెద్దయ్యాక దానికి ఈ పళ్ళే గుర్తొస్తాయని నాకెప్పుడూ తోచలేదు.

జులై మొదటి వారంలో, ఎవరి పళ్ళు వాళ్ళే కోసుకునే తోట ఒకదానికి బ్లూబెర్రీల కోసం వెళ్ళాం. అత్తయ్యగారిని కారులోనే కూర్చోమన్నాం. ఆవిడ వినలేదు. చీర కొంగు బొడ్లో దోపుకుని, బకెట్ నడుముకి కట్టుకుని వరుసలోకి దిగారు. మిరపకాయలు కోసిన చెయ్యి కదండీ, మేం ముగ్గురం అర బకెట్ కోసేలోపు ఆవిడ ఒక్కరే బకెట్ నింపేశారు. కాటా వేస్తే మొత్తం ఐదు కిలోలు.

దారిలో మా అమ్మాయి స్కూల్లో విన్న సంగతి వాళ్ళ నాయనమ్మకి చెప్పింది. ఈ పెద్ద బ్లూబెర్రీ మొదట సాగులోకి వచ్చింది మా న్యూజెర్సీలోనే, వైట్స్‌బాగ్ అనే ఊళ్ళో. అంతకుముందు అవి అడవిలో వాటంతటవే కాసేవి. క్రాన్‌బెర్రీ రైతు కూతురు ఎలిజబెత్ వైట్, ప్రభుత్వంలో పనిచేసే వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ రాసింది చదివి, మా పొలంలో ప్రయోగాలు చేయండని ఆయన్ని 1911లో పిలిచింది. ఊళ్ళో అడవి పళ్ళు ఏరే వాళ్ళకి పండు కొలిచే బిళ్ళలు ఇచ్చి, ఎవరు పెద్ద కాయ కాసే పొద చూపిస్తే వాళ్ళకి డబ్బిచ్చింది. కొన్ని పొదలకి వాటిని కనిపెట్టిన వాళ్ళ పేర్లే పెట్టింది. ఆ పొదల్ని కలిపి పెంచిన పంట 1916లో మొదటిసారి బజారుకి వెళ్ళింది. అంతా విని అత్తయ్యగారు, "అంటే మన మామిడికి అంటు కట్టినట్టే, మంచి చెట్టు ఏరుకోవడమే అసలు పని" అన్నారు. ఆ దేశం పండు గురించి ఆవిడ నోట వచ్చిన మొదటి మంచి మాట అది.

మూడో రోజుకి పళ్ళు మెత్తబడడం మొదలెట్టాయి. ఫ్రిజ్ నిండిపోయింది, అందరికీ పంచగా ఇంకా మిగిలాయి. పారేయడం అంటే ఆవిడకి ప్రాణం ఒప్పదు. కాసేపు అటూ ఇటూ తిరిగి, సూట్‌కేసు తెరిచి కజ్జికాయల చెక్క తీసుకొచ్చారు. మనవరాలికి కజ్జికాయలు చేసి పెడదామని ఊరి నుంచి తెచ్చుకుని, మేం పని చేయనివ్వక లోపలే ఉంచేసిన చెక్క అది. "వీటిని ఉడకబెట్టి, దగ్గరపడ్డాక ఇందులో పెడితే?" అన్నారు. మా అమ్మాయి గెంతులేసింది. "నాయనమ్మా, అది హ్యాండ్ పై! కాకపోతే వేయించరు, ఓవెన్‌లో పెడతారు."

మూకుళ్ళన్నీ బయటికొచ్చాయి.

నెయ్యా, వెన్నా?

మొదటి విడత పూర్తిగా అత్తయ్యగారి పద్ధతే. మైదాలో వేడి వేడి నెయ్యి పోసి, వేళ్ళతో బాగా రుద్ది, పిడికిట్లో పట్టుకుంటే ముద్దగా నిలబడుతోందా లేదా అని చూసి, చన్నీళ్ళతో కలిపారు. మనందరికీ తెలిసిన పద్ధతే కదా. అవి కాలి బయటికొచ్చాక చూస్తే గుల్లగా, నోట్లో వేసుకుంటే కరిగేలా ఉన్నాయి, కానీ బిస్కెట్‌లా ఉన్నాయి. అంగట్లో కొన్న పేస్ట్రీలో కనిపించే పొరలు లేవు. మా అమ్మాయి నాలుగు తిని కూడా "ఇది కరెక్ట్ కాదు" అంది.

కారణం ఏమిటంటే, వేడి నెయ్యి పిండిలో ప్రతి రేణువుకీ పట్టేస్తుంది. అలా నెయ్యి పట్టిన పిండి నీళ్ళు తగిలినా సాగదు, జిగురు రాదు. అందుకే మన కజ్జికాయ గుల్లగా విరుగుతుంది. పేస్ట్రీకి కావలసింది వేరు. అక్కడ చల్లటి వెన్న చిన్న చిన్న ముక్కలుగా పిండిలో అలాగే మిగిలి ఉండాలి. పాముతున్నప్పుడు ఆ ముక్కలు పల్చటి రేకుల్లా సాగుతాయి. వేడి ఓవెన్‌లోకి వెళ్ళగానే వెన్న కరిగి, అందులో ఉన్న నీరు ఆవిరై పైనున్న పిండిని లేపుతుంది. అదే పొర. అమెరికాలో అమ్మే వెన్నలో కొవ్వు కనీసం 80 శాతం ఉండాలి, మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం నీరే. నెయ్యి కాచేటప్పుడు మనం ఆ నీరంతా పోగొట్టేస్తాం కనక, ఎంత మంచి నెయ్యి పోసినా ఆ పొరలు రావు.

ఇది చెబితే అత్తయ్యగారు ఒక్క నిమిషం ఆలోచించి, "మడత కాజాకి పొర పొరకీ మధ్య నెయ్యి, వరిపిండి రాసి చుడతాం. నెయ్యి పిండిలో కలిసిపోకుండా మధ్యలో ఉండాలి. ఇదీ అంతేగా?" అన్నారు. అంతే. నేను అరగంట చదివి తెలుసుకున్నది ఆవిడ చేతికి నలభై ఏళ్ళ నుంచి తెలుసు.

రెండో విడత వెన్నతో చేశాం. ఆ కొలతలే ఇప్పుడు మీకు ఇస్తున్నాను.

పిండికి

మైదా 310 గ్రాములు (రెండున్నర కప్పులు; అమెరికాలో ఆల్ పర్పస్ ఫ్లోర్ అని అమ్మేది), ఉప్పు లేని వెన్న 226 గ్రాములు (2 స్టిక్కులు), ఉప్పు 1 టీస్పూను, పంచదార 1 టేబుల్ స్పూను, ఐసు నీళ్ళు 6 నుంచి 8 టేబుల్ స్పూన్లు.

వెన్నని చిన్న ఘనాలుగా కోసి పావుగంట ఫ్రీజర్‌లో పెట్టండి. మైదా, ఉప్పు, పంచదార కలిపి, వెన్న ముక్కలు వేసి వేలి కొసలతో గబగబా నలపండి. అరచెయ్యి తగలనివ్వకండి, అరచేతి వేడికి వెన్న కరుగుతుంది. కొన్ని ముక్కలు శనగగింజంత, కొన్ని బఠాణీ అంత మిగలాలి. ఐసు నీళ్ళు ఒక్కో చెంచా చల్లుతూ, పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టేదాకా మాత్రమే కలపండి. చపాతీ పిండిలా మర్దించకండి. మన చేతులకి అలవాటు కనక అక్కడే తప్పు జరుగుతుంది. ఎంత మర్దిస్తే అంత జిగురు సాగి, కాలాక గట్టిపడుతుంది.

రెండు బిళ్ళలుగా చేసి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి గంట సేపు ఫ్రిజ్‌లో ఉంచండి. తరువాత ఒక్కసారి దీర్ఘ చతురస్రంగా పామి, ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు వేసి, మళ్ళీ అరగంట ఫ్రిజ్‌లో పెడితే పొరలు ఇంకా బాగా వస్తాయి. ఈ మడత సలహా అత్తయ్యగారిదే.

లోపలి పూర్ణానికి

బ్లూబెర్రీలు 450 గ్రాములు, పంచదార 100 గ్రాములు, కార్న్ స్టార్చ్ 3 టేబుల్ స్పూన్లు, నిమ్మరసం 1 టేబుల్ స్పూను, ఏలకుల పొడి చిటికెడు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన ఊళ్ళో, ఇంగ్లండులో కార్న్ ఫ్లోర్ అని కొనే తెల్లటి మెత్తటి పొడిని అమెరికాలో కార్న్ స్టార్చ్ అంటారు. అమెరికాలో కార్న్ ఫ్లోర్ అని అడిగితే మొక్కజొన్నలు విసిరిన పిండి ఇస్తారు. అది వేస్తే పూర్ణం చిక్కబడదు, ఇసుకలా తగులుతుంది.

పంచదార, కార్న్ స్టార్చ్ ముందు పొడిగా కలుపుకుని, పళ్ళు, నిమ్మరసంతో కలిపి మధ్యస్థంగా మంట పెట్టండి. పళ్ళు చిట్లి రసం ఊరి, బుడగలొచ్చి, మబ్బుగా ఉన్న రసం నిగనిగలాడేదాకా కలుపుతూ ఉండాలి. అలా ఉడికితేనే స్టార్చ్ పట్టు ఇస్తుంది. గరిటె లాగితే దారి కనపడాలి. దించి ఏలకుల పొడి వేసి, పూర్తిగా చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టండి. వేడి పూర్ణం పెడితే వెన్న కరిగి మొత్తం పాడవుతుంది. మా మొదటి విడతలో రెండు అలా చిట్లాయి.

చేయడం, కాల్చడం

పిండిని పూరీ కంటే కాస్త మందంగా పామి, చెక్కకి సరిపడా గుండ్రంగా కోయండి. చెక్కకి పొడి మైదా అద్ది, పిండి పరిచి, ఒక్క చెంచా పూర్ణం మధ్యలో పెట్టి, అంచులకి నీళ్ళ తడి రాసి మూసి నొక్కండి. ఆశకి పోయి రెండు చెంచాలు పెట్టకండి. చెక్క లేకపోతే చేత్తో అర్ధచంద్రంలా మడిచి ఫోర్కుతో నొక్కినా, అమ్మమ్మల్లా అంచు మెలిపెట్టినా సరే. పైన చాకుతో చిన్న గాటు పెట్టండి, ఆవిరి పోవడానికి. పావుగంట ఫ్రిజ్‌లో ఉంచి, పైన పాలు రాసి, కాస్త పంచదార చల్లి, ముందే వేడి చేసిన ఓవెన్‌లో 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో (200 సెల్సియస్) 22 నుంచి 25 నిమిషాలు, అడుగు కూడా ఎర్రబడేదాకా కాల్చండి. చెక్క సైజుని బట్టి పదహారు నుంచి ఇరవై దాకా వస్తాయి. బయటికి తీయగానే నోట్లో పెట్టకండి. పైన చల్లగా ఉన్నా లోపలి రసం నాలుక కాలుస్తుంది.

కాల్చకుండా నిలవ పెట్టుకోవాలంటే పళ్ళెంలో విడివిడిగా గట్టిపడేదాకా ఫ్రీజ్ చేసి, సంచిలో వేసి ఉంచండి. కరిగించకుండా నేరుగా ఓవెన్‌లో పెట్టి ఐదారు నిమిషాలు ఎక్కువ కాల్చితే చాలు.

చెక్కా వద్దు, అచ్చూ వద్దు అనేవాళ్ళకి

పీచ్ పళ్ళతో గలెట్ చేయండి. అది ఫ్రెంచి వాళ్ళ పేస్ట్రీ. గిన్నె అక్కర్లేదు, గుండ్రంగా రాకపోయినా ఎవరూ ఏమీ అనరు. పై పిండిలో ఒక బిళ్ళని 12 అంగుళాల వెడల్పు పామి, బేకింగ్ పళ్ళెంలో కాగితం మీద పరవండి. మధ్యలో ఒక చెంచా బొంబాయి రవ్వ చల్లండి. ఊరే రసాన్ని రవ్వ పీల్చుకుని, అడుగు నానిపోకుండా చూస్తుంది. నాలుగు పీచ్‌లని తొక్కతోనే ముక్కలు కోసి, పావు కప్పు పంచదార, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల కార్న్ స్టార్చ్, కాస్త నిమ్మరసం కలిపి, రెండంగుళాల అంచు వదిలి పేర్చండి. ఆ అంచుని లోపలికి మడతలు మడతలుగా వాల్చండి. 425 డిగ్రీల్లో (220 సెల్సియస్) 20 నిమిషాలు, తరువాత 375లో (190 సెల్సియస్) ఇంకో 20, 25 నిమిషాలు, మధ్యలో రసం బుడగలొచ్చేదాకా కాల్చాలి. గంట ఆగి కోస్తే ముక్క నిలబడుతుంది. పీచ్‌లు కొనేటప్పుడు ఫ్రీస్టోన్ అని అడిగి తీసుకోండి. టెంక తేలిగ్గా ఊడి వస్తుంది.

శాకాహారులకి

బయట కొనే పై పిండిలో కొన్నిటిలో లార్డ్ ఉంటుంది, అంటే పంది కొవ్వు. పళ్ళ టార్టుల మీద అద్దంలా మెరిసే పూతలో జెలాటిన్ ఉండొచ్చు, అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. పైన మెరుపుకి గుడ్డు కూడా రాస్తారు. డబ్బా వెనక అక్షరాలు చదవకుండా పెద్దవాళ్ళకి పెట్టకండి. ఇంట్లో చేస్తే ఈ భయమే లేదు. పైన చెప్పిన వాటిలో గుడ్డు ఎక్కడా లేదు, మెరుపుకి పాలు చాలు. మా అత్తయ్యగారు ఇక్కడ బేకరీ వస్తువు ఏదీ ముట్టలేదు. తన చేతులతో చేసినవి కనక ఇవి ధైర్యంగా తిన్నారు.

మీరున్న చోట దొరికే పళ్ళు

గల్ఫ్‌లో, మలేషియాలో ఉన్నవాళ్ళు పిండి గిన్నె, పీట కూడా ఫ్రిజ్‌లో చల్లబరిచి, ఏసీ ఉన్న గదిలో పామండి. మామిడి పెట్టాలంటే రసాలు పనికిరావు, కండ గట్టిగా ఉన్న పండు కావాలి. ఇంగ్లండులో ప్లమ్స్, చెర్రీలు బాగుంటాయి. స్ట్రాబెర్రీ ఒక్కటే పెడితే నీరు ఎక్కువ వస్తుంది, అందుకే వాటికి రూబార్బ్ కలుపుతారు. ఎర్రటి కాడల్లా దొరికే ఈ రూబార్బ్ మన చుక్కకూర కుటుంబానిదే, పులుపూ అలాంటిదే. కానీ కాడలు మాత్రమే తినాలి. ఆకు విషం. ఆకు కనపడితే పప్పులో వేసే చేతులు మనవి కనక గట్టిగా చెబుతున్నాను.

వెన్నతో చేసిన రెండో విడత పళ్ళెం బయటికి తీసినప్పుడు అత్తయ్యగారు ఒకటి విరిచి, పొరలు వెలుతురులో పట్టుకుని చూశారు. "వచ్చాయే!" అన్నారు. ఆ సాయంత్రం పక్కింటి అమెరికన్ పెద్దావిడకి ఆరు తీసుకెళ్ళి ఇచ్చారు. భాష రాదు, అయినా అరగంట దాకా తిరిగి రాలేదు. ఆ తరువాత మేం "మీరు కూర్చోండి" అనడం మానేశాం. ఆగస్టులో పీచ్‌లు, సెప్టెంబరులో యాపిల్స్, అన్నీ ఆ చెక్కలోంచే వచ్చాయి. నెయ్యితో చేసినవి కూడా అప్పుడప్పుడు చేసేవారు. నిజానికి నాకు అవే ఎక్కువ ఇష్టం.

అక్టోబరులో వెళ్ళేటప్పుడు ఫ్రీజర్‌లో ఇరవై రెండు చేసి పెట్టి వెళ్ళారు. మా అమ్మాయి ఆదివారానికి ఒకటి చొప్పున లెక్క పెట్టుకుని తింది. చెక్క ఇక్కడే వదిలేశారు. ఈ ఏడాది మోకాళ్ళ నొప్పులతో రాలేనన్నారు. ఎప్పుడు ఫోన్ చేసినా "ఎండలు ఎలా ఉన్నాయి, మామిడిపళ్ళు దొరుకుతున్నాయా" అని అడిగే మనిషి, మొన్న వీడియోలో ముఖం కనపడగానే అడిగిన మొదటి మాట: "తోటలో పళ్ళు కోతకొచ్చాయా అమ్మాయ్?"

వచ్చాయి. ఈ శనివారం వెళ్తున్నాం. ఓవెన్ ఖాళీగానే ఉంది.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు వచ్చి ఉంటే, ఈ నెల వాళ్ళని కూర్చోబెట్టకండి. పిండి కలపమనండి. వచ్చే నెల ఇక్కడ దొరికే పచ్చి ప్లమ్స్‌తో ఊరగాయ సంగతి చెప్పుకుందాం.